గవర్నరు: భారత రాజ్యాంగంలో రాష్ట్రాధినేత అధికారాలు

గవర్నరు భారత సమాఖ్యలో రాష్ట్రానికి రాజ్యాంగబద్ధ అధినేత. రాష్ట్ర కార్యనిర్వాహక అధికారాన్ని రాజ్యాంగంలోని 154వ అధికరణ ఈ పదవికే అప్పగించింది. రాష్ట్ర శాసనవ్యవస్థలో కూడా గవర్నరు ఒక భాగమని 168వ అధికరణ చెబుతుంది. సచివాలయం నుంచి వెలువడే ఏ జీవో చివర చూసినా, గవర్నరు ఉత్తర్వుల మేరకు, వారి పేరిట అన్న వాక్యం ఉంటుంది. దాని కింద సంతకం మాత్రం శాఖ కార్యదర్శిది. అధికారం ఒకరి పేరిట ఉండి, నిర్ణయం మరొకరిదయ్యే ఈ పద్ధతి పార్లమెంటరీ విధానానికి మూలం. గవర్నరు అధికారాల మీద నడిచిన వివాదాలన్నీ పేరుకూ నిర్ణయానికీ మధ్య ఉన్న ఈ ఎడంలోంచే పుట్టాయి.

గవర్నరుకు రెండు పాత్రలున్నాయి. మంత్రిమండలి సలహా మేరకు నడుచుకునే రాష్ట్రాధినేత పాత్ర ఒకటి, రాష్ట్ర పరిస్థితులను కేంద్రానికి తెలియజేసే వారధి పాత్ర రెండోది. కేంద్రంలోనూ రాష్ట్రంలోనూ ఒకే పార్టీ ప్రభుత్వం ఉన్నంతకాలం రెండో పాత్ర పెద్దగా కనిపించదు.

చరిత్ర

ఈ పదవి బ్రిటిష్ పాలన నుంచి సంక్రమించింది. 1935 భారత ప్రభుత్వ చట్టం రాష్ట్రాలకు స్వయంప్రతిపత్తి ఇస్తూనే, కొన్ని విషయాల్లో స్వంత విచక్షణతోనూ, మరికొన్నింట మంత్రుల సలహా విన్నాక తన వ్యక్తిగత నిర్ణయంతోనూ వ్యవహరించే అధికారాన్ని గవర్నర్లకు మిగిల్చింది. అల్పసంఖ్యాకుల ప్రయోజనాలు, శాంతిభద్రతలు వంటివి వారి ప్రత్యేక బాధ్యతల జాబితాలో ఉండేవి.

రాజ్యాంగ పరిషత్తు మొదట వేరే దారి ఎంచుకుంది. సర్దార్ పటేల్ అధ్యక్షతన 1947లో పనిచేసిన రాష్ట్ర రాజ్యాంగ సంఘం, గవర్నరును వయోజన ఓటు ద్వారా ప్రజలే ఎన్నుకోవాలని ప్రతిపాదించింది. 1949 మే నెలాఖరున పరిషత్తు దీన్ని పక్కన పెట్టి, రాష్ట్రపతి నియమించే పద్ధతిని స్వీకరించింది. ప్రజల ఓటుతో వచ్చిన గవర్నరుకూ అదే ప్రజల ఓటుతో వచ్చిన ముఖ్యమంత్రికీ మధ్య పోటీ తప్పదన్నది ప్రధాన కారణం. నియామక పద్ధతిని సమర్థించినవారిలో నెల్లూరు జిల్లాకు చెందిన న్యాయకోవిదుడు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఒకరు. రాష్ట్ర మంత్రివర్గాన్ని సంప్రదించాకే కేంద్రం గవర్నరును ఎంపిక చేసే సంప్రదాయం స్థిరపడుతుందని ఆయన ఆశించారు. ఆ ఆశ నెరవేరలేదు. గవర్నరు తనంతట తానుగా నిర్వర్తించే అధికారాలేవీ లేవనీ, ఉన్నవి కర్తవ్యాలేననీ అంబేడ్కర్ పరిషత్తుకు వివరించారు.

నియామకం, పదవీకాలం

155వ అధికరణ ప్రకారం గవర్నరును రాష్ట్రపతి నియమిస్తారు. ఆచరణలో ఇది కేంద్ర మంత్రిమండలి నిర్ణయం. భారత పౌరసత్వం, 35 ఏళ్లు నిండిన వయసు మాత్రమే అర్హతలు. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ప్రమాణం చేయిస్తారు. 1956 నాటి ఏడో సవరణతో ఒకే వ్యక్తిని రెండు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాలకు నియమించే వీలు కలిగింది. రాష్ట్ర విభజన తర్వాత 2019 వరకూ ఇ.ఎస్.ఎల్. నరసింహన్ ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు ఉమ్మడి గవర్నరుగా కొనసాగింది ఈ వెసులుబాటు కిందే. స్వతంత్ర భారతంలో తొలి మహిళా గవర్నరు హైదరాబాదుకు చెందిన సరోజినీ నాయుడు. ఆమె 1947లో సంయుక్త రాష్ట్రాలకు (నేటి ఉత్తరప్రదేశ్) గవర్నరయ్యారు.

పదవీకాలం అయిదేళ్లు. అయితే 156వ అధికరణ ఆ అయిదేళ్లను రాష్ట్రపతి ఇష్టానికి లోబరచింది. పార్లమెంటు తీర్మానం గానీ విచారణ గానీ లేకుండానే గవర్నరును తొలగించవచ్చు. కేంద్రంలో ప్రభుత్వం మారాక 2004 జులైలో ఉత్తరప్రదేశ్, గుజరాత్, హరియాణా, గోవా గవర్నర్లను తొలగించడం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బి.పి. సింఘాల్ కేసులో (2010) అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, కారణం చెప్పనక్కర్లేకపోయినా కారణమంటూ ఉండాలనీ, కేంద్రంతో రాజకీయ అభిప్రాయభేదం అలాంటి కారణం కాదనీ తేల్చింది. అంతకుముందు 1979లో రఘుకుల్ తిలక్ కేసులో, గవర్నరు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి కాదని అదే న్యాయస్థానం చెప్పింది. న్యాయసూత్రంగా అది నేటికీ చెల్లుతుంది. పదవి నిలవడం మాత్రం కేంద్రం చేతిలోనే ఉంది.

పదవిలో ఉండగా గవర్నరుపై క్రిమినల్ చర్యలు చేపట్టరాదని 361వ అధికరణ రక్షణ కల్పిస్తుంది. ఈ రక్షణ వ్యక్తికే. గవర్నరు చర్య చెల్లుతుందో లేదో కోర్టులు పరిశీలించవచ్చు.

కార్యనిర్వాహక అధికారాలు

ముఖ్యమంత్రిని, ఆయన సలహాపై ఇతర మంత్రులను గవర్నరు నియమిస్తారు (164వ అధికరణ). అడ్వకేట్ జనరల్, రాష్ట్ర పబ్లిక్ సర్వీసు కమిషన్ అధ్యక్షుడు, సభ్యులు, రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నియామకాలు కూడా గవర్నరు పేరిటే జరుగుతాయి. జిల్లా న్యాయమూర్తుల నియామకంలో హైకోర్టును సంప్రదించాలి. ప్రభుత్వ పనితీరుపై సమాచారం కోరే హక్కును 167వ అధికరణ ఇచ్చింది. ఒక మంత్రి ఒంటరిగా తీసుకున్న నిర్ణయాన్ని మొత్తం మంత్రిమండలి ముందుంచమని కూడా గవర్నరు అడగవచ్చు. విశ్వవిద్యాలయాల కులపతి హోదా రాజ్యాంగం ఇచ్చింది కాదు. అది ఆయా రాష్ట్రాల చట్టాల నుంచి వచ్చింది కాబట్టి శాసనసభ దాన్ని మార్చవచ్చు.

ఈ అధికారాలన్నీ మంత్రిమండలి సలహా మేరకే వినియోగించాలని శంషేర్ సింగ్ కేసులో (1974) ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం స్థిరపరచింది.

ముఖ్యమంత్రి ఎంపిక, తొలగింపు

ఏ పార్టీకీ స్పష్టమైన ఆధిక్యం రానప్పుడు ఎవరిని పిలవాలన్నది రాజ్యాంగంలో రాసిలేదు. గవర్నరు సొంత నిర్ణయానికి నిజంగా చోటున్న సందర్భం ఇది. ఈ విషయంలో దేశంలో తొలి పెద్ద వివాదం ఆంధ్రులకు సంబంధించినదే. 1952 ఎన్నికల్లో మద్రాసు శాసనసభలోని 375 స్థానాల్లో కాంగ్రెసుకు 152 మాత్రమే దక్కాయి. టంగుటూరి ప్రకాశం నాయకత్వంలో ప్రతిపక్షాలు ఐక్య ప్రజాస్వామ్య కూటమిగా ఏర్పడి తమకు ఆధిక్యం ఉందని చెప్పాయి. గవర్నరు శ్రీప్రకాశ మాత్రం కాంగ్రెసు నేత రాజాజీని ప్రభుత్వం ఏర్పాటు చేయమన్నారు. రాజాజీ ఎన్నికల్లో పోటీ చేయలేదు. నామినేటెడ్ సభ్యుడిగా శాసనమండలిలోకి వచ్చి ముఖ్యమంత్రి అయ్యారు.

తొలగింపు విషయంలో 1984 ఆగస్టు నాటి హైదరాబాదు ఘటన దేశమంతటా ఉదాహరణగా నిలిచింది. అమెరికాలో గుండె శస్త్రచికిత్స చేయించుకుని ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు అప్పుడే తిరిగివచ్చారు. ఆయన ఆధిక్యం కోల్పోయారంటూ గవర్నరు రాంలాల్ ఆగస్టు 16న ఆయనను పదవి నుంచి తొలగించి, నాదెండ్ల భాస్కరరావుతో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించారు. సభలో బలం నిరూపించుకుంటానన్న రామారావుకు ఆ అవకాశం ఇవ్వలేదు. భాస్కరరావుకు మాత్రం నెల గడువు దొరికింది. రామారావు తనను బలపరిచే శాసనసభ్యులను వెంటబెట్టుకుని ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతి జైల్‌సింగ్ ఎదుట నిలిపారు. ఆయన చక్రాల కుర్చీలో కూర్చుని ఉన్న ఛాయాచిత్రాలు పత్రికల్లో వచ్చాయి. నెలాఖరులోగా రాంలాల్ పదవి పోయింది. శంకర్‌దయాళ్ శర్మ గవర్నరుగా వచ్చారు. భాస్కరరావు ప్రభుత్వం 31 రోజులు నడిచింది. సెప్టెంబరు 16న రామారావు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. ఇదంతా కోర్టు తీర్పుతో కాక, ప్రజాందోళనతోనూ రాజకీయ ఒత్తిడితోనూ సాధ్యమైంది. ఆధిక్యాన్ని తేల్చాల్సింది సభలోనే అన్న సూత్రానికి న్యాయస్థానపు ముద్ర పడటానికి మరో పదేళ్లు పట్టింది. (చూ. రాష్ట్రపతి పాలన)

సభలో ఆధిక్యం ఉన్న ముఖ్యమంత్రిని తన ఇష్టం మేరకు తొలగించే అధికారం గవర్నరుకు లేదన్నది నేటి స్థితి. బలపరీక్షకు ఆదేశించాలన్నా అందుకు తగిన ఆధారం ఉండాలి. ఒక పార్టీలోని అంతర్గత కలహాన్ని అలాంటి ఆధారంగా తీసుకోవడం తప్పని మహారాష్ట్ర కేసులో (సుభాష్ దేశాయ్, 2023) సుప్రీంకోర్టు చెప్పింది.

శాసన అధికారాలు

శాసనసభను సమావేశపరచడం, ప్రొరోగ్ చేయడం (సమావేశాలను ముగించడం), రద్దు చేయడం 174వ అధికరణ కింద గవర్నరు పేరిట జరుగుతాయి. అరుణాచల్‌ప్రదేశ్ గవర్నరు మంత్రిమండలి సలహా లేకుండా సమావేశాలను 2016 జనవరి 14 నుంచి 2015 డిసెంబరు 16కు ముందుకు జరపగా, నబాం రెబియా కేసులో (2016) సుప్రీంకోర్టు ఆ చర్యను కొట్టివేసి పాత ప్రభుత్వాన్ని పునరుద్ధరించింది.

ఏటా తొలి సమావేశంలో గవర్నరు ప్రసంగించాలి. ప్రసంగ పాఠం మంత్రిమండలిదే. తెలంగాణలో 2022 బడ్జెట్ సమావేశాలను, అవి పాత సమావేశాలకు కొనసాగింపేనంటూ, గవర్నరు ప్రసంగం లేకుండా నిర్వహించారు. 2023 జనవరిలో బడ్జెట్‌కు గవర్నరు తమిళిసై సౌందరరాజన్ అనుమతి రాలేదంటూ ప్రభుత్వం హైకోర్టుకు వెళ్లింది. కోర్టు హాలులోనే రాజీ కుదిరింది: ప్రసంగం ఉంటుంది, అనుమతీ వస్తుంది.

శాసనమండలి ఉన్న రాష్ట్రాల్లో సాహిత్యం, విజ్ఞానశాస్త్రం, కళలు, సహకారోద్యమం, సమాజసేవ రంగాల నుంచి కొందరిని గవర్నరు నామినేట్ చేస్తారు. ఆంధ్రప్రదేశ్ మండలిలోని 58 స్థానాల్లో 8, తెలంగాణలోని 40లో 6 ఇలా నిండుతాయి. తెలంగాణ మంత్రివర్గం పంపిన రెండు పేర్లను గవర్నరు 2023 సెప్టెంబరులో తిరస్కరించారు. ఈ నామినేషన్లలో మంత్రివర్గ సలహాకు గవర్నరు కట్టుబడాలనీ, పునఃపరిశీలన కోరవచ్చునే తప్ప తోసిపుచ్చరాదనీ 2024 మార్చిలో రాష్ట్ర హైకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ వివాదం తర్వాత సుప్రీంకోర్టుకు చేరింది.

బిల్లులపై ఆమోదం

సభలు ఆమోదించిన బిల్లు గవర్నరు ముందుకు వచ్చాక ఏం చేయాలో 200వ అధికరణ చెబుతుంది: ఆమోదించడం, నిలిపివేయడం, రాష్ట్రపతి పరిశీలనకు రిజర్వు చేయడం. ద్రవ్య బిల్లు కాకపోతే పునఃపరిశీలన కోరుతూ వీలైనంత త్వరగా సభకు తిప్పి పంపవచ్చు. సభ దాన్ని మళ్లీ ఆమోదిస్తే గవర్నరు ఆమోదం నిలిపివేయరాదు. హైకోర్టు అధికారాలను దెబ్బతీసే బిల్లును తప్పనిసరిగా రాష్ట్రపతికి పంపాలి. రాష్ట్రపతికి పంపిన తొలి ప్రసిద్ధ బిల్లుల్లో 1957 నాటి కేరళ విద్యా బిల్లు ఒకటి. అప్పుడు అక్కడి గవర్నరు, అంతకుముందు హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రిగా పనిచేసిన బూర్గుల రామకృష్ణారావు.

రాజ్యాంగం ఇక్కడ గడువు పెట్టలేదు. ఈ మౌనం వల్ల, బిల్లును తిరస్కరించకుండానే ఏళ్ల తరబడి పక్కన ఉంచే పరిస్థితి ఏర్పడింది. పది బిల్లులు పెండింగులో ఉన్నాయంటూ తెలంగాణ ప్రభుత్వం వేసిన కేసులో 2023 ఏప్రిల్ 24న సుప్రీంకోర్టు, వీలైనంత త్వరగా అన్న మాటకు రాజ్యాంగపరమైన ప్రాముఖ్యం ఉందని గుర్తుచేసింది. అదే ఏడాది నవంబరులో పంజాబ్ కేసులో, ఆమోదం నిలిపివేస్తే బిల్లును సభకు తిప్పి పంపాల్సిందేనని చెప్పింది. 2025 ఏప్రిల్ 8న తమిళనాడు కేసులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం మరింత ముందుకు వెళ్లి, గవర్నరుకూ రాష్ట్రపతికీ గడువులు విధించింది. పది బిల్లులు ఆమోదం పొందినట్టేనని ప్రకటించింది.

దీనిపై రాష్ట్రపతి 14 ప్రశ్నలతో సుప్రీంకోర్టు అభిప్రాయం కోరారు. 2025 నవంబరు 20న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తన అభిప్రాయం చెప్పింది. కోర్టులు గడువు విధించరాదు. గవర్నరు సంతకం లేకుండా ఆమోదం లభించినట్టు భావించే పద్ధతికి రాజ్యాంగంలో చోటు లేదు. అయితే సభకు తిప్పి పంపకుండా బిల్లును ఊరకే నిలిపివేసే అధికారం కూడా గవర్నరుకు లేదు. ఆమోదించాలా, తిప్పి పంపాలా, రాష్ట్రపతికి పంపాలా అన్న ఎంపికలో గవర్నరుకు విచక్షణ ఉంది. కారణం చెప్పకుండా సుదీర్ఘకాలం నిష్క్రియగా ఉంటే ఏదో ఒక నిర్ణయం తీసుకోమని కోర్టు పరిమితంగా ఆదేశించవచ్చు. ఎంతకాలాన్ని సుదీర్ఘమనాలో ఈ అభిప్రాయం కూడా అంకెల్లో చెప్పలేదు.

ఆర్డినెన్సులు

సభలు సమావేశంలో లేనప్పుడు 213వ అధికరణ కింద గవర్నరు ఆర్డినెన్సు జారీ చేస్తారు. సభ తిరిగి సమావేశమైన ఆరు వారాలకు దాని గడువు తీరుతుంది. బిహార్‌లో 1967, 1981 మధ్య 256 ఆర్డినెన్సులను పదేపదే పునర్జారీ చేస్తూ నడిపిన తీరును వాధ్వా కేసులో (1986) సుప్రీంకోర్టు రాజ్యాంగానికి ద్రోహంగా పరిగణించింది. ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర ఎన్నికల కమిషనర్ పదవీకాలాన్ని అయిదేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గిస్తూ 2020 ఏప్రిల్ 10న వచ్చిన ఆర్డినెన్సును హైకోర్టు మే 29న కొట్టివేసింది. ఆర్డినెన్సు మీద సంతకం గవర్నరుది, బాధ్యత మంత్రిమండలిది.

ఆర్థిక అధికారాలు

ద్రవ్య బిల్లులకు, గ్రాంట్ల పద్దులకు గవర్నరు సిఫార్సు అవసరం. వార్షిక బడ్జెట్‌ను సభ ముందు ఉంచడం, ఆగంతుక నిధి నుంచి అడ్వాన్సులకు అనుమతించడం కూడా గవర్నరు పేరిటే జరుగుతాయి.

క్షమాభిక్ష

రాష్ట్ర పరిధిలోని చట్టాల కింద పడిన శిక్షలను క్షమించే, తగ్గించే, మార్చే అధికారం 161వ అధికరణలో ఉంది. ఇదీ మంత్రిమండలి సలహాకు లోబడినదే. ఆంధ్రప్రదేశ్‌లో ఒక రాజకీయ నాయకుడికి హత్య కేసులో లభించిన శిక్ష తగ్గింపును ఏపూరు సుధాకర్ కేసులో (2006) సుప్రీంకోర్టు రద్దు చేసింది. కులం, మతం, రాజకీయ విధేయత వంటివి క్షమాభిక్షకు ప్రాతిపదిక కారాదనీ, అలాంటి నిర్ణయాలు న్యాయసమీక్షకు లోబడతాయనీ ఆ తీర్పు చెప్పింది. (చూ. క్షమాభిక్ష, రాష్ట్రపతి)

రాష్ట్రపతి పాలనకు సిఫార్సు

రాష్ట్ర ప్రభుత్వం రాజ్యాంగం ప్రకారం నడవలేని స్థితి ఏర్పడిందని గవర్నరు నివేదిస్తే 356వ అధికరణ కింద రాష్ట్రపతి పాలన విధించవచ్చు. రాష్ట్రపతి గవర్నరు నివేదిక లేకుండా కూడా ఈ చర్య తీసుకోవచ్చు. విధించాక రాష్ట్ర పాలన గవర్నరు చేతుల మీదుగా సాగుతుంది. ఆంధ్ర రాష్ట్రంలో 1954 నవంబరులో ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో అవిశ్వాసంలో ఓడినప్పుడు గవర్నరు చందూలాల్ త్రివేది ఆధ్వర్యంలో అలాంటి పాలన 1955 మార్చి వరకూ నడిచింది. సభలో ఆధిక్యం ఉన్నా ప్రభుత్వాన్ని తొలగించిన ఉదాహరణ 1959 జులై 31 నాటి కేరళది. అక్కడ కూడా గవర్నరు బూర్గులే.

మలుపు తిప్పిన కేసు కర్ణాటక నుంచి వచ్చింది. నంద్యాల ప్రాంతపు నాయకుడైన పెండేకంటి వెంకటసుబ్బయ్య 1989లో అక్కడ గవర్నరు. మద్దతు ఉపసంహరిస్తున్నట్టు 19 మంది శాసనసభ్యులు రాసిన లేఖల ఆధారంగా ఎస్.ఆర్. బొమ్మై ప్రభుత్వం ఆధిక్యం కోల్పోయిందని ఆయన నివేదించారు. ఆ సభ్యుల్లో కొందరు తర్వాత మాట మార్చారు. సభలోనే తేల్చుకుందామని బొమ్మై కోరినా ఏప్రిల్ 21న రాష్ట్రపతి పాలన వచ్చింది. 1994 మార్చి 11న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఈ ప్రకటన చెల్లదంది. ఆధిక్యం తేలాల్సింది రాజ్‌భవన్‌లో కాదు, సభలో; 356 ప్రకటనను కోర్టులు సమీక్షించవచ్చు; పార్లమెంటు ఆమోదించేదాకా శాసనసభను రద్దు చేయరాదు. బిహార్ సభ రద్దును 2006లో రామేశ్వర్ ప్రసాద్ కేసులో తప్పుబట్టింది కూడా ఈ తీర్పు వెలుగులోనే. బొమ్మై తీర్పు తర్వాత రాష్ట్రపతి పాలన విధింపులు బాగా తగ్గాయి.

విచక్షణాధికారం, ప్రత్యేక బాధ్యతలు

163వ అధికరణ గవర్నరుకు కొన్ని విధుల్లో విచక్షణను గుర్తిస్తుంది. ఏ విషయం విచక్షణ కిందికి వస్తుందో చెప్పేదీ గవర్నరే అంటుంది. రాష్ట్రపతికి సంబంధించిన 74వ అధికరణలో ఇలాంటి వాక్యం లేదు. నాగాలాండ్, అరుణాచల్‌లలో శాంతిభద్రతలపై గవర్నరుకు ప్రత్యేక బాధ్యత రాజ్యాంగంలోనే ఉంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అవతరణకు ముందు 1956లో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం, తెలంగాణ ప్రాంతీయ మండలికీ రాష్ట్ర ప్రభుత్వానికీ భేదం వస్తే కేంద్ర ప్రభుత్వానిదే తుది నిర్ణయమని చెప్పింది. ఆ మండలి (ప్రాంతీయ కమిటీ) సక్రమంగా పనిచేసేలా చూసే ప్రత్యేక బాధ్యతను గవర్నరుకు అప్పగించడానికి 371వ అధికరణ చోటిచ్చింది. 1973 నాటి 32వ సవరణతో ఈ ఏర్పాటు పోయింది. 2014 పునర్విభజన చట్టంలోని 8వ సెక్షను మరో ఏర్పాటు తెచ్చింది: ఉమ్మడి రాజధాని ప్రాంతంలో నివసించేవారి ప్రాణ, ఆస్తి రక్షణ విషయంలో తెలంగాణ గవర్నరుది ప్రత్యేక బాధ్యత, మంత్రివర్గాన్ని సంప్రదించాక తుది నిర్ణయం ఆయనదే. పదేళ్ల గడువు 2024 జూన్ 2తో ముగిసింది.

షెడ్యూల్డ్ ప్రాంతాలు

అయిదో షెడ్యూలు గవర్నరుకు ఇచ్చిన అధికారాలు మిగతావాటికంటే విస్తృతమైనవి, చర్చకు మాత్రం తక్కువగా వస్తాయి. పార్లమెంటు చట్టమైనా, రాష్ట్ర చట్టమైనా షెడ్యూల్డ్ (ఏజెన్సీ) ప్రాంతానికి వర్తించదనో, మార్పులతో వర్తిస్తుందనో గవర్నరు నోటిఫికేషన్ ఇవ్వవచ్చు. గిరిజన సలహా మండలిని సంప్రదించి, రాష్ట్రపతి ఆమోదంతో భూమి బదలాయింపుపై నిబంధనలు చేయవచ్చు. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ ప్రాంతాల భూ బదలాయింపు నిబంధనలు (1959), వాటిని గట్టిపరచిన 1970 నాటి ఒకటో నిబంధన (1/70) ఇలా వచ్చినవే. ఏజెన్సీలో నేటికీ 1/70 అంటే చాలు, చట్టం పేరు చెప్పనక్కర్లేదు. ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వడం కూడా దీని కింద నిషిద్ధమేనని సమత కేసులో (1997) సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఏజెన్సీ ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించిన 2000 నాటి జీవో 3ను మాత్రం 2020లో కొట్టివేస్తూ, ఈ అధికారం ప్రాథమిక హక్కులను దాటిపోరాదని చెప్పింది. (చూ. అయిదో షెడ్యూలు)

ఇతర సమాఖ్యల్లో

అమెరికా రాష్ట్రాల గవర్నరు ప్రజలు ఎన్నుకున్న కార్యనిర్వాహకుడు. మన ముఖ్యమంత్రితో పోల్చదగిన పదవి అది. ఆస్ట్రేలియాలో రాష్ట్ర గవర్నరు నియామకంపై రాజుకు సలహా ఇచ్చేది ఆ రాష్ట్ర ప్రీమియరే. భారత పద్ధతికి దగ్గరగా ఉన్నది కెనడా: రాష్ట్రాల లెఫ్టినెంట్ గవర్నర్లను అక్కడ కేంద్ర ప్రభుత్వమే ఎంపిక చేస్తుంది, బిల్లును రిజర్వు చేసే అధికారమూ ఉంది. అయితే 1961లో సస్కచెవాన్‌లో ఒక బిల్లును రిజర్వు చేశాక అక్కడ ఎవరూ ఆ అధికారాన్ని వాడలేదు.

సంస్కరణ సిఫార్సులు

తమిళనాడు ప్రభుత్వం నియమించిన పి.వి. రాజమన్నార్ కమిటీ 1971లో, గవర్నరు నియామకంలో రాష్ట్ర మంత్రివర్గానికి పాత్ర ఉండాలంది. సర్కారియా కమిషన్ (1988), రాష్ట్రం వెలుపలి వ్యక్తిని, చురుకైన రాజకీయాలకు దూరంగా ఉన్నవారిని, ముఖ్యమంత్రిని సంప్రదించి నియమించాలని సూచించింది. త్రిశంకు సభలో ఎవరిని ముందు పిలవాలో ఒక వరుసక్రమం ఇచ్చింది. పూంఛీ కమిషన్ (2010) స్థిరమైన అయిదేళ్ల పదవీకాలం, తొలగింపునకు అభిశంసన పద్ధతి, బిల్లులపై నిర్ణయానికి ఆరు నెలల గడువు ప్రతిపాదించింది. సర్కారియా వరుసక్రమాన్ని సుప్రీంకోర్టు తీర్పులు ఉదాహరిస్తూ వచ్చాయి. నియామకానికి, తొలగింపునకు సంబంధించిన సిఫార్సులు మాత్రం రాజ్యాంగ సవరణ రూపం దాల్చలేదు. 155, 156 అధికరణలు 1950 జనవరి 26న ఎలా ఉన్నాయో నేటికీ అలాగే ఉన్నాయి.